ఏజెన్సీలో నరాల వైద్యం: పదకొండు శిబిరాల అనుభవసారం

విశాఖ నుంచి ఘాట్ రోడ్డెక్కి ఇప్పటికి పదకొండుసార్లు పాడేరు వైపు ఉచిత న్యూరాలజీ మెగా శిబిరం నడిపించాను. పదకొండుసార్లూ పేపర్లో ఫొటో పడింది. కాబట్టి కొండ మీది జనానికి మెదడు, నరాల వైద్యం అందించాలనే పుణ్యబుద్ధి మీకు పుడితే, ఎక్కడ మొదలుపెట్టాలో ఎక్కడ చేతులు దులుపుకోవాలో చెప్పే అర్హత నాకుందనే అనుకుంటున్నాను. మా ఆవిడ అలా అనుకోదు. ఆవిడ సంగతి వదిలేయండి.

ముందు ఒక అంకె కంఠతా పట్టండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో తీసిన లెక్కలో న్యూరాలజిస్టులు, పిల్లల న్యూరాలజిస్టులు, న్యూరోసర్జన్లు అందరూ కలిసి ధనిక దేశాల్లో లక్ష జనాభాకు 7.1 మంది, పేద దేశాల్లో 0.1. అంటే పది లక్షల మందికి ఒకరన్నమాట. ఏ వేదిక ఎక్కినా దీంతోనే మొదలుపెట్టండి. ఈ అంకెలో ఉన్న సుఖం మరే అంకెలోనూ లేదు. ఎందుకంటే, నరాల డాక్టరు లేకపోవడమే అసలు సమస్య అని ఒకసారి తేల్చేశాక, ఆయన వచ్చేదాకా ఎవరూ ఏమీ చెయ్యనక్కర్లేదు. ఆయన ఎలాగూ రాడు.

ఇక్కడ మీకు కొందరు చాదస్తులు అడ్డు తగులుతారు. మూర్ఛ రోగుల్లో నూటికి డెబ్బై మందికి సరైన మాత్రలు వరసగా పడితే ఫిట్స్ పూర్తిగా ఆగిపోతాయనీ, ఆ మాత్రలు రాయడానికి న్యూరాలజిస్టే అక్కర్లేదు, కాస్త తర్ఫీదు ఇస్తే పీహెచ్‌సీలో ఉన్న ఎంబీబీఎస్ డాక్టరు చాలుననీ అంటారు. కర్ణాటకలో చామరాజనగర్ జిల్లా యళందూరు పల్లెల్లో కె.ఎస్. మణి అనే న్యూరాలజిస్టు బృందం ఫినోబార్బిటాల్, ఫెనిటాయిన్ అనే రెండే రెండు పాత మందులతో మూర్ఛను అదుపు చేసి చూపించిందనీ, అది 2001లో లాన్సెట్ పత్రికలో కూడా వచ్చిందనీ కాగితాలు తీస్తారు. ఫినోబార్బిటాల్ 1912 నుంచి వాడుకలో ఉన్న మందు. ఒక మనిషికి ఏడాది పొడుగునా ఇచ్చినా ఐదు డాలర్లు మించదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతుంది. మీరే ఆలోచించండి. నూరేళ్ళు దాటిన మందును, పైగా అంత చవకదాన్ని, వేదిక మీద ఎవరి చేతుల మీదుగా ఆవిష్కరిస్తాం? మా ముఖ్య అతిథి ఒకాయన ఆ మాత్రల డబ్బా చేతిలోకి తీసుకుని, "ఇదేనా?" అన్నారు. ఆ మొహం చూశాక నేను మళ్ళీ ఆ తప్పు చెయ్యలేదు.

అందుకని శిబిరంలో పదిహేను రోజుల మందులు ఇవ్వండి. సరిగ్గా పదిహేను రోజులు. శిబిరం ఏడాదికి ఒకసారి. మిగతా మూడువందల యాభై రోజుల సంగతి మన పరిధిలోకి రాదు. మూర్ఛ మాత్ర టక్కున ఆపేస్తే అసలు మొదలుపెట్టకపోయినదానికంటే ప్రమాదమనీ, ఒకదాని వెనక ఒకటిగా ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చనీ మా డాక్టరుగారే కారులో దిగిపోతూ చెప్పారు. "ఈ మాట మైకులో చెబుదామా?" అన్నారు. వద్దన్నాను. జనం భయపడతారు.

ఈ మందుల దగ్గరే నాకు ఒక ఆశా కార్యకర్త పరిచయం. ఎత్తు తక్కువ మనిషి, చేతిలో పొడుగాటి లెక్కల పుస్తకం. మూడో శిబిరంలో అనుకుంటా, శాలువాల కార్యక్రమం మధ్యలో వచ్చి, "బాబూ, పోయినేడు మీరిచ్చిన మాత్తర్లు పదేను రోజులకే అయిపోనాయి. మళ్ళీ ఎప్పుడిత్తారు?" అని అడిగింది. "ఇవాళ ఇస్తున్నాంగా" అన్నాను. "ఇవాళ సరే బాబూ. నాకు మజ్జిన లెక్క కావాల" అంది. ఇలాంటివాళ్ళు ప్రతిచోటా ఒకరుంటారు. వీళ్ళ గురించి చివర్లో చెబుతాను.

ఇక రెండో సలహా, యంత్రం. అడిగితే ఎమ్మారై అడగండి. సీటీ స్కాన్ అడిగితే నిజంగానే ఇచ్చే ప్రమాదముంది. ఎమ్మారై అడిగితే అంత తొందరగా ఇవ్వరు, అడిగామన్న పేరు మాత్రం నిలిచిపోతుంది. ఒకవేళ ఇచ్చినా భయం లేదు. దానికి నిలకడైన కరెంటు, ఏసీ గది, గోడల్లో కవచం, తర్ఫీదైన టెక్నీషియను, ఏటేటా మరమ్మతుల ఒప్పందం కావాలి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా అది రిబ్బను కట్టిన రోజు ఎలా ఉందో అలాగే కొత్తగా ఉంటుంది. వస్తువును అంత జాగ్రత్తగా కాపాడే పద్ధతి మరొకటి లేదు. మూర్ఛను గుర్తుపట్టేది యంత్రం కాదు, ఫిట్స్ వచ్చినప్పుడు పక్కనున్న మనిషి చెప్పే వివరమేననీ, ఈఈజీ మామూలుగా వచ్చినా మూర్ఛ ఉండొచ్చనీ, ఆ సమయంలో ఇంట్లోవాళ్ళు ఫోనులో తీసిన అర నిమిషం వీడియో డాక్టరుకు ఎంతో పనికొస్తుందనీ అంటారు. అనుకోనివ్వండి. వీడియోకు రిబ్బను కట్టలేం.

పక్కనున్న మనిషి చెప్పే వివరం అన్నాను కదా, భాష గురించీ ఒక మాట. ఆ కొండల్లో ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్ళున్నారు, కువి మాట్లాడేవాళ్ళున్నారు. మా పద్ధతి ఏమిటంటే, డాక్టరుగారు ఇంగ్లీషు కలిపిన తెలుగులో అడుగుతారు, వాలంటీరు కుర్రాడు అదే తెలుగును గట్టిగా అరుస్తాడు. ఒక తల్లి పావుగంట పాటు చేతులు తిప్పుతూ, కళ్ళు పైకెత్తి చూపిస్తూ, కొడుక్కి ఏమవుతుందో ఎంతో వివరంగా చెప్పింది. "ఏమంటోంది?" అన్నారు డాక్టరుగారు. "తలనొప్పంటోంది సార్" అన్నాడు మా కుర్రాడు. పారాసెటమాల్ రాశారు. వరస చకచకా కదిలింది. ఒక్కపూటలో నాలుగువందల మందిని చూశామని ప్రకటించుకోగలిగామంటే కారణం ఇదే.

పక్షవాతం దగ్గరికి వద్దాం. ఇక్కడ మాత్రం నేను కాస్త విస్తారంగా చెప్పాలి. ఎందుకంటే ఇక్కడ గడియారం మనకు వ్యతిరేకంగా పని చేస్తుంది, దాన్ని ఓడించడానికి నలుగురూ కలిసికట్టుగా కష్టపడాలి.

మనిషికి హఠాత్తుగా నోరు వంకరపోయి, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోయి, మాట ముద్దముద్దగా వస్తోందంటే మెదడుకు రక్తం అందడం లేదన్నమాట. అలా అడ్డం పడింది రక్తపు గడ్డే అయితే, దాన్ని కరిగించే ఇంజెక్షను ఉంది. మొదట్లో మూడు గంటల్లోపు అనేవారు, 2008లో వచ్చిన ఒక పెద్ద పరిశోధన తర్వాత నాలుగున్నర గంటలకు పెంచారు. రోగం కనిపెట్టిన క్షణం నుంచి కాదు, మనిషి ఆఖరుసారి బాగున్నట్టు ఎవరైనా చూసిన క్షణం నుంచి లెక్క. ఈలోపు నిమిషానికి పంతొమ్మిది లక్షల మెదడు కణాలు చచ్చిపోతాయని ఒక అంచనా. పక్షవాతంలో గడ్డ రకమూ ఉంది, నరం చిట్లి రక్తం కారే రకమూ ఉంది. పైనుంచి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి, సీటీ తీస్తేగాని తేలదు. రెండో రకానికి ఈ ఇంజెక్షను చేస్తే మనిషి దక్కడు.

కాబట్టి మన పని ఆ నాలుగున్నర గంటలూ దాటించడం. మొదట రోగిని పడుకోబెట్టి తెల్లవారేదాకా చూడాలి. చాలామందికి పొద్దున్నే తగ్గిపోతుందని పెద్దలు అంటారు. తరవాత దిసారికి కబురు పెట్టాలి. ఆయన తిథీ నక్షత్రం చూసి ఏ దిక్కు నుంచి గాలి తగిలిందో చెబుతాడు. ఆపైన పసరు మందు. మింగలేని మనిషి నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుందని నర్సమ్మలు గొడవ చేస్తారు, పట్టించుకోకండి. పట్నంవాళ్ళు మాత్రం ఏం తక్కువ తిన్నారు? మైదానం ఊళ్ళలో బీపీ చూసి, ఎక్కువగా ఉందని నాలుక కింద మాత్ర పెట్టి ఒక్కసారిగా దించేసే ఆర్‌ఎంపీలు ఎంతమంది లేరు! గడ్డ అడ్డం పడ్డప్పుడు ఆ ఎక్కువ బీపీయే మిగిలిన మెదడుకు రక్తం తోస్తూ ఉంటుందట. ఉంటే ఉండనీ, మిషన్లో అంకె తగ్గింది కదా.

అప్పుడు డోలీ. రోడ్డు లేని గూడెం నుంచి కర్రకు దుప్పటి కట్టి నలుగురు మోసుకురావాలి. డోలీ ఫొటో బాగా వస్తుంది, నా అనుభవం. 108 వాహనం మన ఉమ్మడి రాష్ట్రంలో 2005లోనే వచ్చింది. తరవాత ఏజెన్సీకి ఫీడర్ అంబులెన్సు బైకులు కూడా వచ్చాయి. రోడ్డు ఎక్కడ ఆగిపోతే అవీ అక్కడే ఆగుతాయి, అందుకే డోలీకి ఢోకా లేదు. కిందికి దిగాక మొదటి ఆసుపత్రిలో చీటీ రాసి రెండో దానికి, రెండో దాంట్లో చీటీ రాసి మూడో దానికి. చీటీ మీద 'రిఫర్డ్ టు హయ్యర్ సెంటర్' అని నాలుగు ముక్కలు చాలు. ఆఖరుసారి ఎప్పుడు బాగున్నాడో ఆ టైము రాస్తే పైవాళ్ళకు పని తేలికవుతుంది కనుక రాయవద్దు. ముందుగా ఫోన్ చేసి చెప్పొద్దు, వాళ్ళు సీటీ గది ఖాళీ చేసి కూర్చోగలరు. పాడేరు నుంచి విశాఖకు వంద కిలోమీటర్లు పైనే, అందులో ఘాటు. అంతా సవ్యంగా జరిగితే రోగి పెద్దాసుపత్రికి చేరేసరికి ఒకటిన్నర రోజు. అప్పుడు అక్కడి కుర్ర డాక్టరు, "ఇంతసేపు ఏం చేశారమ్మా?" అని కసురుతాడు. ఆ కసురు కూడా మన వ్యవస్థలో భాగమే. రెండోసారి ఎవరూ అంత దూరం రారు.

హిమాచల్ ప్రదేశ్ పేరెత్తేవాళ్ళతో జాగ్రత్త. అక్కడ 2014లో, సీటీ ఉన్న జిల్లా ఆసుపత్రుల్లో న్యూరాలజిస్టు లేకపోయినా మామూలు ఫిజీషియన్లే స్కాను బొమ్మలు ఫోనులో టాండా, సిమ్లా వైద్య కళాశాలల నిపుణులకు పంపి, వాళ్ళు సరేనంటే అక్కడికక్కడే ఇంజెక్షను చెయ్యడం మొదలుపెట్టారు. మందు ప్రభుత్వమే ఉచితంగా ఇచ్చింది. వాడింది వాట్సాప్. మనం పొద్దున్నే పూల బొమ్మల మీద శుభోదయం పంపుకునే ఆ వాట్సాపే! నన్నడిగితే ఇది మన సంస్కృతికి సరిపడదు. "అవి కొండలే కదా సార్" అంది ఆ ఆశా కార్యకర్త. హిమాచల్ కొండలు వేరమ్మా, మన కొండలు వేరు అని చెప్పాను. ఎలా వేరో అడిగింది. భోజనాల వేళయింది.

ఇంకా మొండివాళ్ళయితే, గుండెపోటుకు మన రాష్ట్రంలోనే చిన్న ఆసుపత్రుల్లో టెనెక్టెప్లేజ్ ఇంజెక్షను చేసి పెద్ద ఆసుపత్రికి పంపే పద్ధతి వచ్చింది కదా, గంటసేపు ఎక్కించే పని లేకుండా ఒక్క పోటుతో అయిపోయే ఆ మందే పక్షవాతానికీ పనికొస్తుంది కదా, ఒక సీటీ, తర్ఫీదైన ఒక డాక్టరు, ఎత్తితే పలికే ఒక ఫోను కలిపితే చాలదా అంటారు. ఇంత వివరంగా మాట్లాడేవాళ్ళను కమిటీలో వేయండి. కమిటీ సమావేశం పెట్టకండి.

పక్షవాతం వచ్చి బతికినవాళ్ళ గురించి నా దగ్గర సలహాలేమీ లేవు. వాళ్ళకు రోజూ వ్యాయామం, మింగడం మళ్ళీ నేర్పడం, వీపున పుళ్ళు పడకుండా పక్క మార్చడం లాంటివి కావాలట. శిబిరానికి రాలేరు కనుక లెక్కలోకి రారు.

నాలుగో సలహానో ఐదోదో, వరస తప్పింది. ఫిట్స్ వచ్చినప్పుడు ఏం చెయ్యాలో జనానికి తెలియకుండా చూడండి. తెలిస్తే మన అవసరం తగ్గిపోతుంది. ఏడో శిబిరంలో వరసలో నిలబడ్డ ఒక కుర్రాడు దబ్బున పడి కొట్టుకోవడం మొదలుపెట్టాడు. డాక్టరుగారు భోజనంలో ఉన్నారు. ఒకాయన తాళాల గుత్తి తెచ్చి చేతిలో పెట్టాడు, ఒకావిడ ఉల్లిపాయ కోసి ముక్కు దగ్గర పెట్టింది, నేను స్వయంగా పళ్ళ మధ్య చెంచా దూర్చబోయాను. ఆ ఆశా కార్యకర్త అందరి ముందూ నా మణికట్టు పట్టుకుని ఆపింది. మూగినవాళ్ళను వెనక్కి నెట్టి, కుర్రాణ్ణి ఒక పక్కకు ఒత్తిగిలించి, తల కింద తన సంచి పెట్టి, గడియారం చూస్తూ కూర్చుంది. రెండు నిమిషాల్లో ఆగిపోయింది. తాళాలు పెట్టాకే ఆగింది కాబట్టి తాళాలవల్లే ఆగిందని మా కోశాధికారి ఇప్పటికీ వాదిస్తాడు. ఫిట్స్ మామూలుగా వాటంతటవే ఆగుతాయనీ, ఐదు నిమిషాలు దాటితేనే ప్రమాదమనీ, అప్పుడు ఆసుపత్రికి పరిగెత్తాలనీ, అందుకే గడియారమనీ ఆవిడ అంది. చెంచా పెడితే పళ్ళు విరిగి లోపలికి పోతాయట. చెంచా మా ఇంటిది, స్టీలుది. ఎక్కడ పోయిందో ఇప్పటికీ తెలీదు.

మూర్ఛ ఉన్న ఆడపిల్లల విషయంలో పాత సలహానే మంచిది: ఎవరికీ చెప్పకుండా పెళ్ళి చేసేయండి, అదే తగ్గిపోతుంది. తగ్గకపోతే మాత్రం అబ్బాయి తరపువాళ్ళకు ఒకప్పుడు చట్టం తోడుండేది. హిందూ వివాహ చట్టంలో పెళ్ళికి పనికిరాని లోపాల జాబితాలో మూర్ఛ పేరు కూడా ఉండేది. 1999లో దాన్ని తీసేశారు. తీసేసి పాతికేళ్ళు దాటినా పెళ్ళి సంబంధాలు చూసేవాళ్ళకు ఆ కబురు ఇంకా అందలేదు, అది మన అదృష్టం. మందుల్లో కూడా ఆడా మగా తేడా చూడకుండా అందరికీ ఒకే డబ్బాలోంచి వాల్‌ప్రోయేట్ పంచితే పని సులువు. కడుపుతో ఉన్నప్పుడు ఆ మందు బిడ్డకు చేటు చేస్తుందనీ, పిల్లలు కనే వయసు వాళ్ళకు వీలైనంతవరకు వేరే మందు చూడాలనీ డాక్టర్లంటారు. అంటే ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి మాట్లాడాలి. నాలుగువందల మంది అన్న అంకె ఏమైపోవాలి?

పందుల సంగతి కూడా ఉంది. మన దేశంలో మూర్ఛకు ఒక ముఖ్య కారణం బద్దెపురుగు గుడ్లు కడుపులోకి పోయి, పిల్ల పురుగులు మెదడులో తిష్ట వెయ్యడం. దీనికి మీరు చెయ్యాల్సిందల్లా పందిమాంసం మానమని ఒక ఫ్లెక్సీ కట్టడమే. ఆ గుడ్లు మాంసంలోంచి కాదు, పురుగున్న మనిషి మలంలోంచి నీళ్ళకూ ఆకుకూరలకూ చేతులకూ అంటుకుని వస్తాయనీ, మాంసం ముట్టనివాళ్ళకు కూడా అందుకే వస్తుందనీ తెలిసినవాళ్ళు ఎవరైనా అంటే, వెంటనే మాట మార్చండి. ఆ దారిన పోతే మరుగుదొడ్ల దగ్గర తేలతాం. మరుగుదొడ్డి ప్రారంభోత్సవానికి న్యూరాలజీ ప్రొఫెసరు రారు.

జ్వరంతో ఫిట్స్ వచ్చి స్పృహ తప్పితే మెదడుకెక్కిన మలేరియా కావచ్చు, రక్తపరీక్ష చేసి వెంటనే ఇంజెక్షను మొదలుపెట్టాలి. ఇది పీహెచ్‌సీ పని. మనం సూపర్ స్పెషాలిటీ, దీని జోలికి వెళ్ళకూడదు.

ఫోను వైద్యం గురించి కుర్రాళ్ళు ఉత్సాహపడతారు. ఈ-సంజీవని 2019 నుంచీ ఉంది, కొండ మీద ఉపకేంద్రంలో కూర్చున్న రోగిని పట్నంలో ఉన్న డాక్టరు చూడొచ్చు, మొదట ఒకసారి సరిగ్గా చూశాక మూర్ఛ రోగులను ఆ పద్ధతిలో నెలనెలా పలకరించొచ్చు అని. నిజమే. అందుకే ట్యాబును బీరువాలో పెట్టి తాళం వేయాలి, తాళం చెవి సెలవులో ఉన్నవాళ్ళ దగ్గర ఉండాలి. సిగ్నలు ఎక్కడ అందుతుందో ఊరందరికీ తెలుసు, చింతచెట్టు దగ్గర రాతి మీద. అక్కడికి బల్లా కుర్చీ వేయించాలన్న ఆలోచన మాత్రం ఎవరికీ రానీయకండి.

2022లో ప్రపంచ దేశాలన్నీ జెనీవాలో కూర్చుని మూర్ఛకూ ఇతర నరాల జబ్బులకూ ఒక కార్యాచరణ ప్రణాళిక ఆమోదించాయి. అది 2031 దాకా ఉంది. తొందరేం లేదు.

ఖర్చు వివరాలు అడిగేవాళ్ళకు: షామియానా, జనరేటరు, ఫ్లెక్సీలు, భోజనాలు, వేదిక మీద వాళ్ళకు శాలువాలు, జ్ఞాపికలు, రెండు కార్లు. చివర్లో మందులు. మందులు చివర్లోనే ఎందుకంటే అప్పటికి ఎంత మిగిలితే అంతకే కొనాలి కాబట్టి. పదిహేను రోజులన్న లెక్క అలా వచ్చిందే, దానికి వైద్యశాస్త్రంతో సంబంధం లేదు.

ఇక ఆ ఆశా కార్యకర్త. మీ శిబిరంలోనూ ఒకరుంటారని చెప్పాను కదా, వీళ్ళను సన్మానించడమే ఉత్తమ మార్గమని నేను నమ్మేవాణ్ణి. పదకొండో శిబిరంలో ఆవిడను వేదిక మీదికి పిలిచి, శాలువా కప్పి, రెండు మాటలు మాట్లాడమ్మా అని మైకు చేతికిచ్చాను. ఆ పొరపాటు మీరు చెయ్యకండి. ఆవిడ ధన్యవాదాలు చెప్పలేదు. సంచిలోంచి లెక్కల పుస్తకం తీసి, శాలువా జారిపోతుంటే భుజం మీదికి లాక్కుంటూ, పేర్లు చదవడం మొదలుపెట్టింది. పేరు, గూడెం, మాత్రలు అయిపోయిన తారీఖు, మళ్ళీ ఫిట్స్ వచ్చిన తారీఖు. పొయ్యి దగ్గర పడ్డ పిల్ల. గెడ్డ దాటుతూ పడ్డ మనిషి, ఆయన పేరు తరవాత ఒక్క తారీఖే ఉంది. ముఖ్య అతిథి నా వైపు చూశారు. నేను జనరేటరు కుర్రాడికి సైగ చేశాను. మైకు ఆగిపోయింది, ఫ్యాన్లు ఆగిపోయాయి. ఆవిడ పేజీ తిప్పి, గొంతు కాస్త పెంచి చదువుతూనే ఉంది.